ఊరికి సాయం: కొత్త సంస్థ పెట్టాలా, ఉన్నదానికి భుజం కాయాలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో నలభైలు దాటాక ఈ మాట తరచూ వినిపిస్తుంది: ఇల్లు కొన్నాం, పిల్లలు ఓ దారిన పడుతున్నారు, ఇక ఊరికి ఏదైనా చేయాలి. ఆ మాట వెనుక ఉన్నది మంచి మనసే. ఊళ్లో సర్కారు బడిలో చదువుకుని, ఆ చదువుతోనే సముద్రాలు దాటినవాళ్లకు ఆ రుణం గుర్తుండటం సహజం. అయితే ఆ ఆలోచన చాలాసార్లు ఒకే దారి పడుతుంది. నలుగురు స్నేహితులు కూర్చుని ఒక పేరు అనుకుంటారు, లోగో గీయిస్తారు, సొంతంగా ఒక చారిటీ సంస్థను రిజిస్టర్ చేస్తారు.

రిజిస్టర్ చేయడం పెద్ద కష్టమేమీ కాదు. ఏడాదికి 50 వేల డాలర్లకు మించి రాబడి ఉండదనుకునే చిన్న సంస్థ 1023-ఈజెడ్ అనే చిన్న ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపి, 275 డాలర్లు కడితే, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ దగ్గర 501-సి-3 అనే పన్ను మినహాయింపు హోదాకు దరఖాస్తు పూర్తయినట్టే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏడాది రాబడి 5 వేల పౌండ్లు దాటిన సంస్థలు చారిటీ కమిషన్ దగ్గర నమోదు చేసుకుంటాయి. కాబట్టి పెట్టగలమా అన్న దాని గురించి ఆలోచించాల్సింది తక్కువ. పెట్టాలా, పెడితే ఎన్నాళ్లు నడపగలం అన్న దాని గురించి ఆలోచించాల్సింది చాలా ఉంది. దూరదేశం నుంచి పేదల జీవితాల్లోకి చెయ్యి చాపే ఏ సంస్థకైనా ఇదే వర్తిస్తుంది.

దూరం నుంచి సాయానికి రావచ్చా అన్న ప్రశ్నకు రెండు గట్టి సమాధానాలు ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి. రెండూ కాథలిక్ మతగురువుల నుంచే వచ్చాయి. 1968లో, మెక్సికో పల్లెలకు వేసవి సేవకు బయల్దేరుతున్న అమెరికా విద్యార్థుల ముందు ఇవాన్ ఇలిచ్ ప్రసంగించాడు. మీ ఉద్దేశాలు మంచివే కావచ్చు, కానీ మీకు అక్కడి భాష రాదు, అక్కడి బతుకు తెలియదు, మీరు చేసే హాని మీ కంటికి కనబడదు, కాబట్టి సాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నది ఆయన వాదన సారం. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి అన్నాడు.

ఆ మరుసటి ఏడాది, 1969లో, స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చాడు. 1952 నుంచి భారతదేశంలో ఉన్న జెస్యూట్ సంఘపు మతగురువు ఆయన. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతపు రైతులతో కలిసి పనిచేసినందుకు అక్కడి పెద్దలకు కంటగింపై, 1968లో దేశం విడిచి వెళ్లాల్సివచ్చింది. ఆ బహిష్కరణ మీద వేలమంది రైతులు ముంబయికి పాదయాత్ర చేశారు. తిరిగొచ్చి, వాన చుక్క కరువైన అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టాడు. తర్వాత మతసంస్థను వీడి, సంసారం పెట్టుకుని, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆర్డీటీగా పిలిచే ఆ ట్రస్టు ఇప్పుడు మూడు వేలకు పైగా గ్రామాల్లో పనిచేస్తోంది. అది నడిపే బత్తలపల్లి ఆసుపత్రి పేరు తెలియని ఇల్లు ఆ ప్రాంతంలో అరుదు.

ఇలిచ్ మాట నిజమైతే ఫెర్రర్ రాకూడదు. ఫెర్రర్ పని నిజమైతే ఇలిచ్ హెచ్చరిక మరీ కటువు. ఈ ఇద్దరి మధ్యే మన తూకం.

చిన్న సంస్థకే చేతనయ్యే పని

ముందు అనుకూల పక్షం. పెద్ద సంస్థలకు, ప్రభుత్వాలకు పథకాలు ఉంటాయి, మార్గదర్శకాలు ఉంటాయి. ఆ మార్గదర్శకాల సందుల్లోంచి జారిపోయే మనుషులు ఎప్పుడూ ఉంటారు. డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి సంగతి చూడండి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే, ఆ సొమ్ము కట్టేదాకా కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తుంది. సర్టిఫికెట్లు లేక పీజీ సీటు పోతుంది. ఈ అమ్మాయికి కావలసింది కొన్ని వేల రూపాయలు, అదీ ఈ వారంలోనే. అంత చిన్న మొత్తాన్ని అంత తొందరగా ఇచ్చే ఏర్పాటు ఏ పెద్ద సంస్థకూ ఉండదు. ఆ ఊరి హెడ్మాస్టరు నంబరు ఫోన్లో ఉన్న చిన్న సంస్థకు అది ఒక్క పూట పని.

రెండోది మారకం విలువ. డాలరు 80 రూపాయలు దాటిన కాలం ఇది. న్యూజెర్సీలో ఒక కుటుంబం నెలకు 200 డాలర్లు పక్కన పెడితే, మన పల్లెబడిలో ఒక విద్యా వాలంటీరు జీతానికి సరిపోతుంది. ఐదు కుటుంబాలు కలిస్తే ఐదు బళ్లలో ఖాళీ కుర్చీలు నిండుతాయి. ఈ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది, ఎవరిచేతనైనా డబ్బు ఇప్పిస్తుంది. ముఖం తెలియని పెద్ద నిధికి ఇవ్వడానికి వెనకాడే మనిషి, చిన్నప్పటి స్నేహితుడు అడిగితే ఇస్తాడు. ఆ డబ్బు అసలు బయటకు రావడమే ఆ పరిచయం వల్ల.

మూడోది, ఈ రోజు పేరున్న సంస్థలన్నీ ఒకనాడు చిన్నవే. ఆశా ఫర్ ఎడ్యుకేషన్ 1991లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విద్యార్థుల మధ్య మొదలైంది. అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్, అందరూ ఎయిడ్ అనే సంస్థ, అదే ఏడాది మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన రవి కూచిమంచి అప్పుడు అక్కడ చదువుకుంటున్న తెలుగువాడు. ఆ తర్వాత ఇండియాకు తిరిగొచ్చి, నర్మదా లోయలోని బిల్‌గావ్‌లో ఆదివాసులు శ్రమదానం చేసి కట్టుకున్న చిన్న జలవిద్యుత్ కేంద్రానికి తోడ్పడ్డాడు. 2004లో వచ్చిన ‘స్వదేశ్’ సినిమాకు ఆ పని కూడా ప్రేరణ అంటారు. 1991లో ఆ విద్యార్థులను చూసి, ఇంకో సంస్థ ఎందుకు అని ఎవరైనా ఆపి ఉంటే, ఇవేవీ ఉండేవి కావు.

చిన్న చెయ్యి పెద్ద మార్పుకు ఆసరా అయిన ఇంకో ఉదాహరణ మదురైలో ఉంది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రికి, అమెరికాలోని సేవా ఫౌండేషన్ అనే సంస్థ తొలినాళ్ల నుంచీ తోడుంది. శుక్లం ఆపరేషన్‌లో కంట్లో అమర్చే లెన్సు అప్పట్లో విదేశాల నుంచి రావాలి, పేదవాడికి అందని ధర. ఎప్పటికీ లెన్సులు దానంగా పంపుతూ కూర్చోవడం ఒక దారి. వాళ్లు ఆ దారి వదిలేసి, లెన్సును ఇక్కడే తయారుచేసే ఆరోల్యాబ్‌ను 1992లో నిలబెట్టడానికి సాయం చేశారు. దిగుమతి ధరలో చిన్న భాగానికే లెన్సు దొరికింది. దాత అవసరం తీరిపోయేలా చేసిన దానం అది. వైద్యం అరవింద్‌ది, నిర్ణయం అరవింద్‌ది, వచ్చినవాళ్లు తెచ్చింది డబ్బు, సాంకేతిక విద్య, ఓపిక.

ఇచ్చేవాళ్లలో వచ్చే మార్పును కూడా ఈ పక్కనే వేయాలి. అట్లాంటాలో పెరిగిన పిల్లలు ప్రకాశం జిల్లాలోని ఒక బడితో ఏళ్ల తరబడి సంబంధం పెట్టుకుంటే, తాతగారి ఊరు వాళ్లకు సెలవుల్లో చూసొచ్చే చోటుగా మిగిలిపోదు, బాధ్యతగా మారుతుంది. అది చిన్న లాభమేమీ కాదు.

అవతలి పక్షం

ఇప్పుడు ఇలిచ్ వైపు నిలబడి చూద్దాం. దూరం నుంచి చేసే సాయంలో మొదటి చిక్కు, ఏది కావాలో తేల్చేది ఎవరు అన్నది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ప్లేపంప్ కథ ఇందుకు పెద్ద సాక్ష్యం. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే భూమిలోంచి నీళ్లు పైకొచ్చే ఏర్పాటు అది. ఫొటోలో చూస్తే మనసు పొంగిపోయేది. 2006లో అమెరికాలో దానికోసం 1 కోటీ 64 లక్షల డాలర్లు ప్రకటించారు. 2010 నాటికి 4 వేల పంపులు పెట్టాలన్నది లక్ష్యం. ఒక్కొక్కటి సుమారు 14 వేల డాలర్లు, మామూలు చేతిపంపుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. చెప్పినంతమందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని గార్డియన్ పత్రిక లెక్కకట్టింది. పిల్లలు విసుగెత్తి ఆపేశాక చాలాచోట్ల ఆడవాళ్లే ఆ బరువైన చక్రాన్ని వంగి తిప్పుకోవాల్సి వచ్చింది. మరమ్మతు చేసే మనిషి దగ్గర్లో లేడు. దాతల్లో ముఖ్యమైన కేస్ ఫౌండేషన్ 2010లో తమ ప్రయత్నం అనుకున్నట్టు సాగలేదని బహిరంగంగా ఒప్పుకుంది. అక్కడ డబ్బుకు లోటు లేదు, మంచి మనసుకూ లోటు లేదు. ఆ ఊరి ఆడవాళ్లను ముందుగా అడిగి, వాళ్లు చెప్పినట్టు నడుచుకోవడం మాత్రం జరగలేదు.

మన పల్లెల్లో దీనికి చిన్న రూపం మినరల్ వాటర్ ప్లాంటు. నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెల్లో శుద్ధిచేసిన నీళ్లు ప్రాణావసరం, అందులో వాదన లేదు. కానీ ప్రవాసులు ఇచ్చిన ప్లాంట్లు అవసరం చూసే వచ్చాయని చెప్పలేం. ప్లాంటు పెట్టడానికి ఒకసారి డబ్బు కావాలి, నడపడానికి ఎప్పుడూ కావాలి. ఫిల్టర్లు మార్చాలి, కొన్నేళ్లకోసారి మెంబ్రేన్ మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, వృథాగా పోయే నీటికి దారి చూపాలి, రోజూ క్యాన్లు పట్టిచ్చే మనిషికి జీతమివ్వాలి. ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం మీద దాత పేరు ఉంటుంది. మోటారు కాలిన రోజున ఎవరికి ఫోన్ చేయాలో ఆ ఫలకం మీద ఉండదు. ఆర్చి, బస్‌షెల్టర్, కమ్యూనిటీ హాలు, బడికి కంప్యూటర్లు, అన్నింటిదీ ఇదే వరస. కట్టడానికి డబ్బు తేలిగ్గా పుడుతుంది, నడపడానికి పుట్టదు.

రెండో చిక్కు మరింత లోతైనది. సాయం ఎక్కడికి వెళ్తోంది? కాలువ నీళ్లు పారిన, చదువులు ముందుగా అందిన ఊళ్ల నుంచే అమెరికాకు ఎక్కువమంది వెళ్లారు. పుట్టిన ఊరికే చేయాలన్న నియమంతో డబ్బు కదిలితే, అది మళ్లీ ఆ ఊళ్లకే చేరుతుంది. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు ఏజెన్సీల నుంచి డాలస్ వెళ్లి స్థిరపడ్డవాళ్లు ఎందరు? అక్కడ తల్లికి నొప్పులు మొదలైతే డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకొచ్చే గూడేలు ఇంకా ఉన్నాయి. ఆ గూడెం ఎవరి సొంతూరూ కాకపోతే, ఎవరి సంస్థా దాన్ని చూడదు. ఒకే ఊళ్లో కూడా ఇదే జరుగుతుంది. ఊరు అన్నప్పుడు ఆ మాటలో ఎస్సీ కాలనీ ఉందా లేదా అన్నది ప్లాంటు ఏ వీధిలో పెట్టారో చూస్తే తెలుస్తుంది. దాత తన ఇంటి పెద్దలనే సలహా అడుగుతాడు, ఆ పెద్దలు తమ వీధి అవసరమే చెబుతారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ ఉండనక్కర్లేదు. పాత అసమానత కొత్త డబ్బుతో ఇంకాస్త గట్టిపడుతుంది, అంతే.

మూడోది, సాయం తనకు కావలసిన అవసరాన్ని తానే పుట్టించగలదు. కంబోడియాలో విదేశీ విరాళాలు, వాలంటీర్లు పెరిగేకొద్దీ అనాథాశ్రమాలు పెరిగాయి. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ పరిశీలనల్లో తేలింది. చదువు, తిండి ఆశ్రమంలోనే దొరుకుతాయని పేద కుటుంబాలు పిల్లల్ని అక్కడ వదిలాయి. అదే డబ్బు ఆ తల్లి చేతికి వెళ్లి ఉంటే బిడ్డ ఇంట్లోనే పెరిగేది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసే సందర్భంలో, అనాథాశ్రమాల పేరుతో జరిగే పిల్లల తరలింపును కూడా ఆ దృష్టితో చూడాల్సివచ్చింది. మంచి ఉద్దేశంతో పెట్టిన ఆశ్రమమే తల్లినీ బిడ్డనూ వేరుచేయగలదని తెలిశాక, ఉద్దేశాన్ని చూసి మార్కులు వేయడం మానుకోవాలి.

నాలుగోది అలుపు. మొదటి రెండేళ్లు ఉత్సాహం ఉంటుంది. తర్వాత ఒకరు ఉద్యోగం మారతారు, ఇంకొకరి ఇంట్లో పెద్దల అనారోగ్యం, మరొకరి పిల్లల కాలేజీ. విందులు పెట్టి విరాళాలు పోగుచేసే పని ఒకరిద్దరి మీదే పడుతుంది. అమెరికాలో వరుసగా మూడేళ్లు రిటర్ను దాఖలు చేయకపోతే చారిటీ హోదా దానంతటదే రద్దవుతుంది. అక్కడ రద్దయ్యేది ఒక కాగితం. ఇక్కడ, మూడేళ్లుగా ఆ డబ్బు మీద ఆధారపడి డిప్లొమా చదువుతున్న పిల్లవాడు చివరి ఏడాది మధ్యలో ఆగిపోతాడు. అసలు సాయమే అందకపోవడంకన్నా, నమ్మించి మధ్యలో ఆపేసిన సాయం ఎక్కువ గాయం చేస్తుంది.

రెండు చట్టాల నడుమ

ఈ వాదనలు నీతికి సంబంధించినవి. రోజువారీ నడకలో ఎదురయ్యేది చట్టం. పెట్టేటప్పుడు దీని గురించి తగినంత ఆలోచించేవాళ్లు తక్కువ.

అమెరికా చట్టం ప్రకారం, దాతకు పన్ను మినహాయింపు దక్కాలంటే అక్కడి సంస్థ డబ్బు మీద అజమాయిషీ తన దగ్గరే ఉంచుకోవాలి. ఫలానా ఊరి ఫలానా ట్రస్టుకు పంపడానికి ఒట్టి గొట్టంలా ఉండకూడదు. ఎవరికివ్వాలి, ఎందుకివ్వాలి, ఎలా ఖర్చయింది అన్నది అక్కడి బోర్డే నిర్ణయించాలి, రికార్డు రాసుకోవాలి.

ఇటు భారత చట్టం. 1976లో మొదలై 2010లో కొత్తగా వచ్చిన ఎఫ్‌సీఆర్‌ఏ, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2020 సవరణలతో బాగా బిగిసింది. విదేశీ డబ్బు తీసుకునే సంస్థకు రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే కనీసం మూడేళ్లు పనిచేసి, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయలు తన అసలు పనిమీద ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అన్నిటికన్నా ముఖ్యం, ఒక సంస్థ అందుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా ఆగిపోయింది. అంతకుముందు హైదరాబాద్‌లోని ఒక సంస్థ విదేశీ నిధి తీసుకుని, రిజిస్ట్రేషన్ ఉన్న పల్లె సంఘాలకు పంచగలిగేది. ఇప్పుడా దారి లేదు.

ఈ కట్టుబాట్లకు ప్రభుత్వం చెప్పే కారణాలున్నాయి. డబ్బు చేతులు మారేకొద్దీ లెక్క మసకబారుతుందన్న మాటలో కొంత నిజముంది. అయితే ఆ భారం ఎక్కువగా పడింది చిన్న సంఘాల మీదే. పెద్ద సంస్థకు అకౌంటెంట్లు, లాయర్లు ఉంటారు. గూడెంలో పనిచేసే ముగ్గురు మనుషుల సంఘానికి ఉండరు.

ఇందులో ప్రవాసులు గమనించాల్సిన తేడా ఒకటి ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇక్కడి సంస్థకు పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు ఉన్నా, ఆయన పంపేది విదేశీ విరాళమే. మనసులో సొంతూరుగా ఉన్న చోటు చట్టం లెక్కలో పరదేశం అయిపోతుంది.

రెండు చట్టాలనూ పక్కపక్కన పెడితే అసలు ఇరకాటం బయటపడుతుంది. అమెరికా చట్టం అజమాయిషీ అక్కడే ఉండాలంటుంది. ప్లేపంప్ అనుభవం నిర్ణయం ఊళ్లో ఉండాలని నేర్పుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగనవసరం లేదు. ఏం కావాలో ఊరు నిర్ణయించి ప్రతిపాదన పంపవచ్చు, బోర్డు దాన్ని పరిశీలించి ఆమోదించవచ్చు, లెక్కలు చూడవచ్చు. ఆమోదించే అధికారం తన దగ్గర ఉంచుకుని, తోచిందల్లా ఊరిమీద రుద్దే అలవాటు వదులుకోవడం చట్టానికి విరుద్ధం కాదు. దానికి కావలసింది సంయమనం.

తూకం ఎక్కడ మొగ్గుతుంది

ఇంతదాకా చూశాక నాకు తేలిందేమిటంటే, చిన్నదా పెద్దదా, విదేశీయా స్వదేశీయా అన్న వాదన అసలు విషయాన్ని తాకదు. ఫెర్రర్ పరాయివాడే. కానీ వచ్చినవాడు నలభై ఏళ్లు ఉన్నాడు. స్పెయిన్‌లో పోగైన డబ్బుతో అనంతపురం మనుషులనే టీచర్లుగా, నర్సులుగా, ఇంజినీర్లుగా పెట్టుకుని పని నడిపాడు. కట్టించిన ఇళ్లు ఆడవాళ్ల పేర రాయించాడు. ఆయన పోయాక కూడా పని ఆగలేదు. ఇలిచ్ హెచ్చరించింది వేసవిలో వచ్చి వేసవిలో పోయేవాళ్లను. ఒకరు ఏళ్లతో ఇచ్చిన సమాధానం, ఇంకొకరు వారాలను చూసి వేసిన ప్రశ్న. తేడా కాలంలో ఉంది. ఎవరు నిర్ణయిస్తున్నారన్న దానిలో ఉంది.

కాబట్టి కొత్త సంస్థ పెట్టాలనుకునేవాళ్లు తమను తాము అడగాల్సిన మొదటి ప్రశ్న: మేం తెచ్చేదానికన్నా నేరుగా డబ్బు చేతికిస్తే వాళ్లకు ఎక్కువ మేలు జరుగుతుందా? ఇది ఊరికే వేసే ప్రశ్న కాదు. గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ కెన్యా పల్లెల్లోని పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా డబ్బు పంపింది. హౌషోఫర్, షపీరో అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఆ కుటుంబాల ఆస్తులు పెరిగాయి, తిండి మెరుగైంది, మద్యం మీద, పొగాకు మీద ఖర్చు పెరగలేదు. పేదవాడి చేతికి డబ్బిస్తే తాగేస్తాడన్న మాటకు అక్కడ ఆధారం దొరకలేదు. అందుకే ఏ సంస్థ అయినా డబ్బుకన్నా మిన్న అయినదేదో తేవాలి: ఒక టీచరు, ఒక నర్సు, ఒక వైద్య పద్ధతి, ఒక న్యాయ సలహా. అది లేకపోతే మధ్యలో తానెందుకు ఉన్నానని తనను తాను ప్రశ్నించుకోవాలి.

రెండో ప్రశ్న, ప్రభుత్వం చేయాల్సిన పనిని మేం చేసి, ప్రభుత్వాన్ని ఆ బాధ్యత నుంచి తప్పిస్తున్నామా? బడికి గోడ కట్టించడంకన్నా, ఆ బడికి రావాల్సిన టీచరు పోస్టు ఎందుకు భర్తీ కాలేదని తల్లిదండ్రుల కమిటీ అడగగలిగేలా చేయడం కొన్నిచోట్ల ఎక్కువ మేలు. అందులో ఫొటో ఉండదు, శిలాఫలకం ఉండదు. ఫలితం మాత్రం దాత వెళ్లిపోయాక కూడా ఉంటుంది.

మూడోది లెక్క ఎవరికి చెప్పాలన్నది. దాతలకు ఇంగ్లిష్‌లో వార్షిక నివేదిక పంపడంతో జవాబుదారీతనం తీరిపోదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదటగా ప్రారంభమైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకంలో సోషల్ ఆడిట్‌ను ఒక అలవాటుగా మార్చిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. మస్టర్ రోల్‌లో ఉన్న పేర్లను ఇంటింటికీ తిరిగి సరిచూసుకుని, ఎవరికి ఎంత వచ్చిందో ఊరందరి ముందూ చదివి వినిపించేవారు. కూలివాడు లేచి, నాకు అంత రాలేదని చెప్పగలిగిన సభ అది. ప్రవాసుల సంస్థలు ఈ పద్ధతిని ఎందుకు తీసుకోకూడదు? ఫలానా ఊరికి ఇంత డబ్బు వచ్చింది, ఇందుకు ఖర్చయింది, ఇంత మిగిలిందని తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, గ్రామసభలో చదివిస్తే చాలు. కాలనీలోని ఆడవాళ్లు లేచి అడిగే ప్రశ్న ఏ ఆడిటరూ అడగలేడు.

జీతాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మీరిచ్చే ప్రతి రూపాయీ నేరుగా పేదలకే చేరుతుంది, నిర్వహణకు పైసా ఖర్చు లేదని చాలా చిన్న సంస్థలు గర్వంగా చెప్పుకుంటాయి. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల త్యాగానికి అది గుర్తు, కాదనను. కానీ ఊళ్లో రోజూ తిరిగే మనిషికి మంచి జీతమివ్వని సంస్థ, ఆ పని విలువను తానే తక్కువ చేస్తోంది. గూడేనికి నడిచివెళ్లి గర్భిణిని చూసొచ్చే ఆరోగ్య కార్యకర్త జీతం నిర్వహణ ఖర్చు కాదు, అదే సేవ. దాతలకు ఈ సంగతి ఓపికగా చెప్పగలిగిన సంస్థలే నిలబడతాయి.

ఇన్ని ప్రశ్నల తర్వాత ఎవరు పెట్టాలి? పేద ప్రాంతంలో, తమకు బంధుత్వం లేని చోట, నిజంగా ఎవరూ చూడని అవసరాన్ని గుర్తించినవాళ్లు పెట్టాలి. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండి, ఆ చోట స్వయంగా పనిచేసే స్థానిక సంస్థ తోడు దొరికినవాళ్లు పెట్టాలి. తమ బోర్డు మాటకన్నా ఆ ఊరివాళ్ల మాట ముందు వినడానికి సిద్ధపడినవాళ్లు పెట్టాలి. కట్టడానికి కాక, నడపడానికి డబ్బు పోగుచేయగలిగినవాళ్లు పెట్టాలి. ఎప్పుడు, ఎవరికి అప్పగించి తప్పుకుంటామో మొదటి సమావేశంలోనే రాసుకున్నవాళ్లు పెట్టాలి. 1991లో ఆ విద్యార్థులు చేసిన పని మళ్లీ చేయగలిగినవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లను ఎవరూ ఆపకూడదు.

మిగతావాళ్లకు, అంటే ఈ ఆలోచన వచ్చినవాళ్లలో చాలామందికి, ఇంకో దారి ఉంది. ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి పనిచేస్తున్నవాళ్లు తెలుగు నేలమీద చాలామంది ఉన్నారు. వాళ్లకు కొత్త పేరు, కొత్త లోగో అక్కర్లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున తప్పకుండా వచ్చే కొంత డబ్బు కావాలి. అకౌంట్లు రాసిపెట్టే, వెబ్‌సైట్ చూసుకునే, చట్టం కాగితాలు సరిచూసే నైపుణ్యం కావాలి. ఇవి ప్రవాసుల దగ్గర పుష్కలంగా ఉన్నాయి. వెనక నిలబడి చేసే ఈ పనిలో దాత పేరు పెద్దగా కనబడదు. కనబడాలన్న కోరికను వదులుకోగలిగితే, చిన్న సంస్థ పెట్టి చేయగలిగిన దానికన్నా చాలా ఎక్కువ చేయవచ్చు.

ఎటువైపు వెళ్లాలో తేల్చుకోవడానికి ఒక కొలత చెబుతాను. పేరు, లోగో అనుకోకముందే పదో ఏడాది బడ్జెట్ రాయండి: ఆ ఏడాది జీతాలు ఎవరిస్తారు, మోటారు కాలితే ఎవరు బాగుచేయిస్తారు, మీరు లేకపోతే పని ఎవరు చూస్తారు. ఆ కాగితం నిజాయితీగా నింపగలిగితే సంస్థ పెట్టండి, ఊరికి మీరు కావాలి. నింపలేకపోతే, ఆ పదేళ్లూ ఇప్పటికే అక్కడ గడిపినవాళ్లకు మీ డబ్బూ మీ నమ్మకమూ ఇవ్వండి. అదీ ఊరి రుణం తీర్చుకోవడమే, మొదటిదానికి ఏమాత్రం తక్కువ కాదు.